కొండెక్కిన వీరుడు, టికెట్ ఇచ్చిన బాస్

రాజకీయాల గురించి మన వాళ్లు ఎంతసేపు మాట్లాడుకున్నా చివరికి ఒకటే మాట దగ్గర ఆగుతారు. "ఒక్క నిజాయితీపరుడు, దమ్మున్నవాడు రావాలండీ. మిగతావన్నీ వాటంతట అవే దారికొస్తాయి." ఆ దమ్మున్నవాడు ఒకసారి మాజీ కలెక్టర్, ఇంకోసారి పోలీసు ఆఫీసర్. మిలిటరీ మనిషైతే మరీ మంచిది. నేను ఈ మాట నమ్మను. నిజాయితీపరులు అక్కర్లేదని కాదు, వాళ్లు ఎలా వస్తారు, వచ్చాక ఏమవుతుంది అన్నది ఈ మాటలో ఎక్కడా లేదు కాబట్టి. ఈ వాదన ఎప్పుడు వచ్చినా నాకు గుర్తొచ్చేది 1898 నాటి న్యూయార్క్. యుద్ధవీరుడు, సంస్కర్త, చదువుకున్నవాడు, కలవారి బిడ్డ, నోరున్నవాడు, అన్నీ కలిసిన థియోడర్ రూజ్వెల్ట్ ఆ ఏడాది అక్కడ గవర్నర్ పదవికి పోటీ చేశాడు. అమెరికాలో గవర్నర్ అంటే మన గవర్నర్ లాగా ఢిల్లీ పంపించే పెద్దమనిషి కాదు, మన ముఖ్యమంత్రితో సమానం. జనం ఓట్లేసి ఎన్నుకుంటారు.

ఆ కథను సాధారణంగా చెప్పే తీరు ఇది: కొండెక్కి శత్రువును తరిమిన వీరుడు తిరిగొచ్చి, పార్టీని గుప్పిట్లో పెట్టుకున్న బాస్‌లను ఎదిరించి గవర్నర్ అయ్యాడు. వినడానికి బాగుంటుంది. అసలు జరిగింది మాత్రం కాలువతో మొదలవుతుంది.

సరుకు పడవలు నడిచే ఈరీ కాలువ లోతు పెంచడానికి 1895లో న్యూయార్క్ ఓటర్లు 90 లక్షల డాలర్ల అప్పుకు ఒప్పుకున్నారు. డబ్బు ఖర్చయిపోయింది గానీ పని పూర్తి కాలేదు. విచారణ కమిషన్ వేస్తే దాదాపు 10 లక్షల డాలర్లు దారి తప్పాయని తేలింది. తవ్వింది మామూలు మట్టే అయినా కాగితాల మీద ఎక్కువ రేటు పలికే రకంగా రాసుకోవడం లాంటివి బయటపడ్డాయి. మన దగ్గర ప్రాజెక్టుల ఎస్టిమేట్ల గురించి వార్తలు చదివే అలవాటు ఉన్నవాళ్లకు ఇందులో వివరించాల్సింది ఏమీ లేదనుకుంటాను. అప్పుడు గవర్నర్‌గా ఉన్నది రిపబ్లికన్ పార్టీకి చెందిన ఫ్రాంక్ బ్లాక్. 1896లో 2 లక్షలకు పైగా మెజారిటీతో గెలిచినవాడు. రెండేళ్లకే ఆయన పేరు చెప్పి ఓటు అడగలేని పరిస్థితి వచ్చింది.

బ్లాక్‌ను నిలబెట్టింది థామస్ కోలియర్ ప్లాట్. ఆయన అమెరికా సెనేటర్, ఒక ఎక్స్‌ప్రెస్ కంపెనీకి అధ్యక్షుడు, అంతకుమించి న్యూయార్క్ రాష్ట్ర రిపబ్లికన్ పార్టీకి యజమాని. అరిచే రకం కాదు, మెత్తగా మాట్లాడే ముసలాయన. ఆదివారాలు న్యూయార్క్ నగరంలోని ఫిఫ్త్ అవెన్యూ హోటల్లో కూర్చునేవాడు. పార్టీ జనం వచ్చి ఆయన చెప్పింది విని తలూపి వెళ్లేవారు. ఆ సమావేశాలకు 'ప్లాట్ గారి సండే స్కూల్' అనీ, హోటల్లో వాళ్లు చేరే మూలకు 'ఆమెన్ కార్నర్' అనీ పేర్లు పడ్డాయి. ఆయన ఏదంటే దానికి 'తథాస్తు' అనే చోటన్నమాట.

ప్లాట్ బలం ఎక్కడుందో రూజ్వెల్టే తర్వాత రాశాడు. బాస్ అంటే జేబులు నింపుకునే దొంగ అనుకుంటాం. ప్లాట్ అలాంటివాడు కాదు, హోటల్ గదుల్లో సాదాగా బతికేవాడు, డబ్బు మీద పెద్ద మోజు లేదు. పెద్ద కంపెనీలు ఎన్నికల విరాళాలు నేరుగా అభ్యర్థులకు కాకుండా ఆయన చేతికి ఇచ్చేవి. ఆ డబ్బును ఆయన ఎక్కడ ఎవరికి కావాలో అక్కడికి పంపేవాడు. దాంతో గెలిచిన శాసనసభ్యులు ఓటర్ల కంటే ముందు ఆయనకు రుణపడేవారు. కంపెనీలకు కావాల్సిన బిల్లులు పాసయ్యేవి, అక్కర్లేనివి కమిటీల్లో చచ్చిపోయేవి. నోట్ల కట్టలు చేతులు మారాల్సిన పనే లేదు. నాకు ఈ ఏర్పాటు మామూలు లంచం కంటే భయంకరంగా కనిపిస్తుంది, ఎందుకంటే ఇందులో పట్టుకోవడానికి దొంగ దొరకడు.

ఇప్పుడు వీరుడి సంగతి. రూజ్వెల్ట్ అప్పటికే రాజకీయాల్లో పండినవాడే. 1882లో న్యూయార్క్ శాసనసభ్యుడు, 1886లో నగర మేయర్ పదవికి పోటీ చేసి మూడో స్థానం, ఆరేళ్ల పాటు కేంద్ర సివిల్ సర్వీస్ కమిషనర్, 1895 నుంచి న్యూయార్క్ పోలీస్ బోర్డు అధ్యక్షుడు, ఆ తర్వాత నౌకాదళ శాఖలో సహాయ మంత్రి. స్పెయిన్‌తో యుద్ధం రాగానే ఉద్యోగం వదిలేసి స్వచ్ఛంద దళంలో చేరాడు. పశువుల కాపర్లు, కాలేజీ ఆటగాళ్లు కలిసిన ఆ గుర్రపు దళానికి పత్రికలు 'రఫ్ రైడర్స్' అని పేరు పెట్టాయి. ఓడల్లో చోటు చాలక, అధికారుల గుర్రాలు తప్ప మిగతావన్నీ ఫ్లోరిడాలోనే వదిలేశారు కాబట్టి క్యూబాలో ఈ గుర్రపు దళం నడిచే యుద్ధం చేసింది. 1898 జులై 1న శాంటియాగో బయట శాన్ హువాన్ ఎత్తుల మీద దాడి జరిగింది. రూజ్వెల్ట్ ముందుండి నడిపించింది అందులో కెటిల్ హిల్ అనే పక్క గుట్ట మీదికి. ధైర్యంలో లోపం లేదు, గుర్రం మీద కనిపించేలా వెళ్లాడు, తూటాలకు వెరవలేదు. కానీ ఆ ఎత్తులు ఎక్కింది ఆయన దళం ఒక్కటే కాదు. మామూలు సైన్యం పటాలాలున్నాయి, 9వ, 10వ అశ్విక దళాల నల్లజాతి సైనికులున్నారు, గాట్లింగ్ తుపాకులతో దారి చేసిన లెఫ్టినెంట్ పార్కర్ ఉన్నాడు. పక్కనే ఉన్న విలేఖరుల పుణ్యాన పేపర్లలో మాత్రం కొండ ఎక్కినవాడు ఒక్కడే మిగిలాడు.

ఆ నల్లజాతి సైనికుల గురించి ఇంకో మాట చెప్పాలి. ఎన్నికల ప్రచారంలో వాళ్లను మెచ్చుకున్న రూజ్వెల్ట్, గెలిచాక 1899లో ఒక పత్రికలో యుద్ధం గురించి రాస్తూ, వాళ్లలో కొందరు వెనక్కి జారుకోబోతే తాను రివాల్వర్ తీయాల్సొచ్చిందన్నట్టు రాశాడు. 10వ దళానికి చెందిన ప్రెస్లీ హాలిడే అనే సార్జెంట్ దానికి పత్రికలోనే గట్టి జవాబిచ్చాడు: వాళ్లు పారిపోలేదు, పై అధికారి ఆజ్ఞ మీద గాయపడినవాళ్లను మోయడానికి, సామగ్రి తేవడానికి వెళ్తున్నారని. యుద్ధవీరుడన్న పేరు ఎలా తయారవుతుందో, దాన్లోంచి ఎవరిని తీసేస్తారో తెలియడానికి ఈ ఒక్క ఉదంతం చాలు.

ఆగస్టులో రూజ్వెల్ట్ న్యూయార్క్ రాష్ట్రంలోని మాంటాక్ సైనిక శిబిరానికి చేరాడు. క్వారంటైన్‌లో ఉన్న మనిషిని వెతుక్కుంటూ రెండు రకాల జనం వచ్చారు.

మొదటిది జాన్ జే చాప్‌మన్ లాంటి సంస్కర్తలు. పార్టీలకు అతీతంగా స్వతంత్ర అభ్యర్థుల జాబితా ఒకటి తయారుచేసి దానికి రూజ్వెల్ట్‌ను ముందు నిలపాలని వాళ్ల కోరిక. ఆయన ఆ ప్రతిపాదనను కొట్టిపారేయలేదు. వాళ్లు ఒప్పుకున్నట్టే అనుకున్నారు. రెండోది ప్లాట్ పంపిన లెమ్యూల్ క్విగ్. ఆయన సూటిగా అడిగాడు: గవర్నర్ అయితే ప్లాట్ మీద, ఆయన మనుషుల మీద యుద్ధం చేస్తారా? తాను ఎవరి మీదా కోరి యుద్ధం చేయననీ, పార్టీ బాగుండాలనే కోరుకుంటాననీ, అందరినీ సంప్రదిస్తాననీ, చివరి నిర్ణయం మాత్రం తన మనస్సాక్షిదేననీ రూజ్వెల్ట్ జవాబు.

ప్లాట్‌కు ఈ మనిషంటే అప్పటికే చిరాకు. అయినా చాన్సీ డెప్యూ అనే వక్త ఆయనకు ఒక లెక్క చెప్పాడు. రైల్వే కంపెనీ పెద్ద, మీటింగుల్లో ఎవరు ఎక్కడ అడ్డు ప్రశ్న వేస్తారో బాగా తెలిసినవాడు. బ్లాక్‌ను మళ్లీ పెడితే, సభలో ఎవడో లేచి 'కాలువలో దొంగతనం సంగతేంటి?' అంటాడు, నేను సంజాయిషీ ఇచ్చుకుంటూ కూర్చోవాలి. రూజ్వెల్ట్‌ను పెడితే, 'దొంగ అన్నవాణ్ణి పట్టుకునే మనిషినే నిలబెట్టాం' అంటాను, ఆ వెంటనే శాన్ హువాన్ కొండ మీదికి పరిగెత్తే కల్నల్ కథ ఎత్తుకుంటాను, బ్యాండు వాళ్లకు జాతీయ గీతం వాయించమంటాను. ఇదీ డెప్యూ లెక్క. ప్లాట్ తన జ్ఞాపకాల్లో దీన్ని దాచుకోకుండా రాసుకున్నాడు.

నా వాదన మొత్తం ఈ ఒక్క సంభాషణ మీదే నిలబడి ఉంది. టికెట్ వీరత్వానికి దక్కిన బహుమానం కాదు. పార్టీకి పట్టిన కాలువ కంపు మీద చల్లడానికి అత్తరు కావాల్సొచ్చింది. కాలువ కుంభకోణం లేని ఏడాదిలో రూజ్వెల్ట్ రెండు కొండలెక్కి వచ్చినా ప్లాట్ తలుపు తీసేవాడు కాదు.

సెప్టెంబరు 17న రూజ్వెల్ట్ ఫిఫ్త్ అవెన్యూ హోటల్‌కు వెళ్లి ప్లాట్‌ను కలిశాడు. ఆ తర్వాత స్వతంత్రుల జాబితాలో తన పేరు వద్దని చాప్‌మన్ వర్గానికి చెప్పేశాడు. రిపబ్లికన్ టికెట్ మీద పోటీ చేస్తూ, అదే పార్టీ మిగతా అభ్యర్థులను ఓడించే జాబితాలో కూడా ఉండటం ద్రోహమవుతుందన్నాడు. చాప్‌మన్ మండిపడ్డాడు. నమ్మించి మోసం చేశాడన్న కోపం ఆయనలో చాలా ఏళ్లు పోలేదు.

ఎవరిది న్యాయం? మనసు చాప్‌మన్ వైపే లాగుతుంది. మాట ఇచ్చినట్టు కనిపించి వెనక్కి తగ్గడం బాగోలేదు. కానీ ఓట్ల లెక్క చూస్తే స్వతంత్రులు వేరే అభ్యర్థిని, థియోడర్ బేకన్ అనే న్యాయవాదిని, నిలబెడితే ఆయనకు పడింది రెండు వేల పైచిలుకు. 13 లక్షల ఓట్లు పోలైన రాష్ట్రంలో! రూజ్వెల్ట్ నిలబడితే ఇంకా చాలా వచ్చేవి నిజమే, గెలిచేవాడు మాత్రం కాదు. మంచివాళ్లు విడిగా నిలబడితే ఏమవుతుందో మనకూ తెలుసు. 2009లో లోక్‌సత్తా ఉమ్మడి రాష్ట్రమంతా తిరిగి, చదువుకున్నవాళ్లను నిలబెట్టి, చివరికి గెలిచింది కూకట్‌పల్లి ఒక్కటే. దాన్ని నేను వెక్కిరించడానికి చెప్పడం లేదు. ఆ ఒక్క సీటు కోసం పడ్డ శ్రమ నిజమైనదే. పార్టీ యంత్రం లేకుండా పోలింగ్ బూత్ దాకా చేరడం ఎంత కష్టమో చెప్పడానికే.

ఇంతలో ఒక ఇబ్బంది. గవర్నర్‌గా పోటీ చేయాలంటే ఐదేళ్లుగా ఆ రాష్ట్ర నివాసి అయి ఉండాలి. రూజ్వెల్ట్ ఆ ఏడాది మార్చిలో న్యూయార్క్ పన్ను తప్పించుకోవడానికి 'నేను వాషింగ్టన్ నివాసిని' అని ప్రమాణపత్రం మీద సంతకం పెట్టి ఉన్నాడు! అవినీతి మీద యుద్ధం ప్రకటించబోయే వీరుడి పన్ను ఎగవేత కాగితం ప్రత్యర్థుల చేతికి దొరికింది. రూజ్వెల్ట్ గాభరాపడి తప్పుకుంటానన్నాడు. 'శాన్ హువాన్ వీరుడు పిరికివాడా?' అని ప్లాట్ ఎద్దేవా చేశాడట. ఈ మాట ప్లాట్ చెప్పుకున్నదే, కాబట్టి కాస్త ఉప్పు కారం కలిసే ఉంటుంది. ఆదుకున్నది ఎలిహు రూట్ అనే పేరుమోసిన వకీలు. సెప్టెంబరు 27న సరటోగాలో జరిగిన పార్టీ సభలో రూజ్వెల్ట్ తన బంధువులకు, లెక్కలు చూసేవాళ్లకు రాసిన ఉత్తరాలు చదివి, ఆయన ఉద్దేశం న్యూయార్క్ నివాసం వదులుకోవడం కాదని, అభ్యర్థిని ఓటేసి ఎంచే డెలిగేట్లను (పార్టీ ప్రతినిధులను) ఒప్పించాడు. అసలు సంగతేమిటంటే డెలిగేట్లలో అత్యధికులు ప్లాట్ మనుషులు, ఒప్పుకోవాలనే వచ్చారు. రూజ్వెల్ట్‌కు 753, బ్లాక్‌కు 218. ఈ రూట్ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తాడు.

ప్రచారం మొదట్లో చప్పగా సాగింది. తర్వాత రూజ్వెల్ట్ రైలెక్కాడు. ప్రతి స్టేషన్లోనూ బ్యూగిల్ ఊదేవాడు, యూనిఫాం వేసుకున్న రఫ్ రైడర్లు, వెనక పెట్టె మీంచి ఉపన్యాసం. వాళ్లలో బక్ టేలర్ అనే సార్జెంట్ పోర్ట్ జర్విస్ ఊళ్లో చేసిన ప్రసంగాన్ని రూజ్వెల్ట్ తన ఆత్మకథలో నవ్వుతూ రాసుకున్నాడు. 'మాకిచ్చిన ప్రతి మాటా నిలబెట్టుకున్నాడు. గొర్రెల్ని కబేళాకు తోలుకెళ్లినట్టు మమ్మల్ని కొండ మీదికి తోలుకెళ్లాడు. మిమ్మల్నీ అలాగే తోలుకెళ్తాడు' అన్నాడట. జనం మాత్రం చప్పట్లు కొట్టారు. ప్రచార సభల్లో మాటకు అర్థం ఉండాలన్న నియమం అప్పుడూ లేదు.

కానీ ఎన్నికను తిప్పింది కొండ కాదు. ఇది చాలామంది వదిలేసే సంగతి. డెమోక్రాట్ల అభ్యర్థి అగస్టస్ వాన్ వైక్ మీద చెప్పుకోదగ్గ ఆరోపణ ఏమీ లేదు. బ్రూక్లిన్ జడ్జి, మర్యాదస్తుడు. ఆయన వెనక ఉన్నది మాత్రం న్యూయార్క్ నగర డెమోక్రాట్ల యంత్రాంగమైన టామనీ హాల్‌కు బాస్ రిచర్డ్ క్రోకర్. అంటే న్యూయార్క్ ఓటరు ముందు ఉన్నది బాస్ లేని అభ్యర్థి, బాస్ ఉన్న అభ్యర్థి కాదు, ఇటు ప్లాట్, అటు క్రోకర్. క్రోకర్ ఆ సమయంలో ఒక తప్పు చేశాడు. తన మనిషికి కోర్టులో ఉద్యోగం ఇవ్వలేదని జోసెఫ్ డేలీ అనే సీనియర్ జడ్జికి (అక్కడ జడ్జీలకూ ఎన్నికలుండేవి) మళ్లీ టికెట్ ఇవ్వనన్నాడు, పైగా ఆ సంగతి బాహాటంగా ఒప్పుకున్నాడు. రూజ్వెల్ట్ దాన్ని ఒడిసి పట్టుకున్నాడు. తన కాలువ గురించి సంజాయిషీ చెప్పుకునే అవసరం తప్పి, ఎదుటి బాస్ జడ్జీల్ని కొంటున్నాడని దాడి మొదలుపెట్టాడు. నవంబరు 8న ఫలితం: 17,794 ఓట్ల ఆధిక్యం. రెండేళ్ల క్రితం మెజారిటీ 2 లక్షలకు పైగా అని చెప్పాను కదా. దేశమంతా ఊగిపోయిన యుద్ధ కీర్తి, రైలు, బ్యూగిల్, క్రోకర్ తప్పిదం, ఇవన్నీ కలిస్తే మిగిలింది ఆ కాస్త ఆధిక్యం. నిలబెట్టింది రూజ్వెల్ట్ కాకుండా ఇంకెవరైనా అయితే పార్టీ ఓడేదని ప్లాటే ఒప్పుకున్నాడు.

ఇంతవరకూ చెప్పింది చూసి నేను రూజ్వెల్ట్‌ను తక్కువ చేస్తున్నానని అనుకోవచ్చు. ఆయన మీద నాకు గౌరవం పుట్టేది ఇక్కడి నుంచే. టికెట్ కోసం ఆయన బాస్‌తో పోరాడలేదు. గెలిచాక, నియామకాల దగ్గర, పన్నుల దగ్గర పోరాడాడు. ఆ పోరాటాన్ని ఏ విలేఖరీ గుర్రం మీద చూపించలేదు.

మొదటి పరీక్ష కాలువలే. ఆ శాఖను చూసే ప్రజా పనుల సూపరింటెండెంట్ పదవి ఎవరికిస్తావని ప్లాట్ అడిగి, జవాబు కోసం ఆగకుండా ఒక టెలిగ్రాం చేతిలో పెట్టాడు. సిరక్యూజ్‌కు చెందిన ఫ్రాన్సిస్ హెండ్రిక్స్ అనే ఆయన ఆ పదవిని సంతోషంగా స్వీకరిస్తున్నట్టు అందులో ఉంది. గవర్నర్ ఇంకా ఇవ్వని పదవికి! 1978 నుంచి 1983 వరకు హైదరాబాద్‌లో నలుగురు ముఖ్యమంత్రులు మారడం చూసిన మన పెద్దవాళ్లు ఈ టెలిగ్రాం గురించి వింటే ఆశ్చర్యపోరు, చెన్నారెడ్డి నుంచి కోట్ల విజయభాస్కరరెడ్డి దాకా పేరు ఎక్కడ ఖరారై వచ్చేదో వాళ్లకు తెలుసు. రూజ్వెల్ట్ కోపం తెచ్చుకోలేదు. హెండ్రిక్స్ మంచివాడే, కానీ కాలువ ఊరి మనిషిని కాలువల మీద పెట్టను అన్నాడు. తర్వాత తనకు నచ్చిన నలుగురి పేర్లు రాసి, వీళ్లలో మీ ఇష్టం వచ్చినవాణ్ణి ఎంచుకోండని జాబితాను ప్లాట్ ముందు పెట్టాడు. ప్లాట్ కల్నల్ పార్ట్రిడ్జ్‌ను ఎంచాడు. ఎంచింది బాస్, జాబితా గవర్నర్‌ది. చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ ఆ రెండేళ్ల పాలనంతా ఈ పద్ధతి మీదే నడిచింది.

ఆయన వారాంతాల్లో న్యూయార్క్ వెళ్లి ప్లాట్‌తో కలిసి టిఫిన్ చేసేవాడు. బాస్ కాళ్ల దగ్గరికి వెళ్తున్నాడని సంస్కర్తలు ఈసడించారు. తాను దొంగచాటుగా కాకుండా అందరికీ తెలిసేలా కలుస్తున్నాననీ, ప్రతిసారీ తాను అనుకున్నదే చేశాననీ ఆయన సమాధానం. ప్రతిసారీ అన్నది కాస్త ఎక్కువే. అయితే రాష్ట్ర రాజధాని ఆల్బనీలో రోజుకు రెండుసార్లు విలేఖరులను పిలిచి మాట్లాడే అలవాటు ఆయనకు అసలైన ఆయుధం. బాస్ పని గదిలో తలుపులు వేసుకుని సాగుతుంది, ఈయన పని పేపర్లో.

రెండోది 1899లో ఫ్రాంచైజీ పన్ను. వీధుల్లో ట్రాములు నడుపుకునే హక్కు, గ్యాసు గొట్టాలు వేసుకునే హక్కు ప్రభుత్వం దాదాపు ఉచితంగా ఇచ్చేది. ఆ హక్కుల విలువ కోట్లలో, పన్ను సున్నా. జాన్ ఫోర్డ్ అనే రాష్ట్ర సెనేటర్ వాటిని ఆస్తిగా లెక్కగట్టి పన్ను వేసే బిల్లు తెచ్చాడు. ప్లాట్‌కు విరాళాలిచ్చేది ఆ కంపెనీలే కాబట్టి బిల్లు అసెంబ్లీలో ఆగిపోయింది. సమావేశాలు ముగిసే ముందు రూజ్వెల్ట్ అత్యవసర సందేశం పంపితే స్పీకర్ వర్గం దాన్ని చదవకుండా చింపేసింది. మర్నాడు ఉదయం రెండో సందేశం పంపాడు, చదవకపోతే నేనే వచ్చి చదువుతానన్న కబురుతో. బిల్లు పాసయింది. ప్లాట్ పెద్ద ఉత్తరం రాశాడు: పెట్టుబడికీ కూలికీ మధ్య సంబంధాల విషయంలో మీరు కాస్త వదులు మనిషని ముందే విన్నాను, అదే నిజమైంది అని. రూజ్వెల్ట్ ప్రత్యేక సమావేశం పెట్టించి, బిల్లును మరింత గట్టి చేసి మే 27న సంతకం పెట్టాడు. కెటిల్ హిల్ కంటే ఇదే పెద్ద కొండ అని నేనంటాను.

మూడోది బీమా శాఖ సూపరింటెండెంట్ లూ పేన్. తాను అదుపు చేయాల్సిన డబ్బు ప్రపంచంలోని ఒక ట్రస్టు కంపెనీ నుంచే నాలుగు లక్షల డాలర్లకు పైగా అప్పు తీసుకున్న ఘనుడు. మళ్లీ నియమించనన్నాడు రూజ్వెల్ట్, తీసేస్తే రాష్ట్ర సెనేట్ ఒప్పుకోదన్నాడు ప్లాట్. చివరి నిమిషం దాకా బిగబట్టి, రూజ్వెల్ట్ తన మాట నెగ్గించుకున్నాడు. పేన్ స్థానంలోకి వచ్చినది ఎవరనుకున్నారు? టెలిగ్రాం పంపిన ఆ హెండ్రిక్సే. ప్లాట్ ముఖం కూడా నిలబడింది. 'మెత్తగా మాట్లాడు, చేతిలో పెద్ద కర్ర ఉంచుకో' అన్న మాటను ఆయన 1900 జనవరిలో ఒక మిత్రుడికి రాసింది ఈ గొడవ తర్వాతే. అది విదేశాంగ విధానం గురించి పుట్టిన మాట కాదు, ఒక బీమా ఆఫీసర్ పోస్టింగ్ గురించి.

అప్పటికి ప్లాట్‌కు విసుగొచ్చింది. బీమా, ఫ్రాంచైజీ కంపెనీలకు అంతకంటే ఎక్కువ. కానీ ఇంత పేరున్నవాడికి గవర్నర్ టికెట్ నిరాకరిస్తే జనంలో చెడ్డపేరు. దానికి ప్లాట్ కనిపెట్టిన ఉపాయం ప్రమోషన్. 1900 జూన్‌లో ఫిలడెల్ఫియా సభలో రూజ్వెల్ట్‌ను ఉపాధ్యక్ష పదవికి ఎక్కించారు, అప్పట్లో ఏ పనీ లేని కుర్చీ అది. ప్రమాణ స్వీకారం చూడ్డానికి వెళ్తూ ప్లాట్, 'థియోడర్ సన్యాసం పుచ్చుకోవడం చూడబోతున్నా' అన్నాడని చెబుతారు. ఆరు నెలలకు అధ్యక్షుడు మెకిన్లీ హత్య జరిగి ఆ సన్యాసి అధ్యక్షుడయ్యాడు. ప్లాట్ లెక్క అలా తప్పింది గానీ, తుపాకీ పేల్చినవాడు ప్లాట్ లెక్కలో ఎలా ఉంటాడు? బాస్ ఓడిపోయాడని చెప్పడానికి ఈ హత్యను చూపించడం అన్యాయం. ఆల్బనీలో గవర్నర్ కుర్చీలోకి 1901లో వచ్చింది ప్లాట్ పార్టీ ఛైర్మన్ బెంజమిన్ ఓడెల్.

నాకు రూజ్వెల్ట్‌తో ఉన్న అసలు పేచీ ఇక్కడ. రెండేళ్లలో పన్ను మార్చాడు, సివిల్ సర్వీస్ చట్టం బాగుచేశాడు, ఇరుకు ఇళ్ల మీద కమిషన్ వేశాడు. టికెట్ ఎవరివ్వాలన్నది మాత్రం ముట్టుకోలేదు. డెలిగేట్లను బాస్ పోగుచేసే ఆ సరటోగా పద్ధతి తనకు 753 ఓట్లు తెచ్చినప్పుడు దానిలో తప్పు కనిపించలేదు. పార్టీ అభ్యర్థిని పార్టీ ఓటర్లే నేరుగా ఎన్నుకునే ప్రైమరీ పద్ధతి కోసం చార్లెస్ ఎవాన్స్ హ్యూస్ అనే గవర్నర్ కొట్లాడుతుంటే 1910లో రూజ్వెల్ట్ మద్దతు పలికాడు. అప్పటికి ఆలస్యమైంది, శాసనసభ బిల్లును ఓడించింది.

1912లో ఆ పద్ధతి ఆయన మీదికే వచ్చింది. అధ్యక్ష టికెట్ కోసం మళ్లీ దిగి, ప్రైమరీలు జరిగిన రాష్ట్రాల్లో ఎక్కువ చోట్ల అప్పటి అధ్యక్షుడు, సొంత పార్టీ వాడే అయిన టాఫ్ట్‌ను ఓడించాడు. చికాగో సభలో వివాదంలో ఉన్న 254 డెలిగేట్ స్థానాల్లో పార్టీ కమిటీ 235 టాఫ్ట్‌కిచ్చి, ఈయనకు 19 విదిల్చింది. వేదిక మీద అధ్యక్ష స్థానంలో కూర్చుని సభను నడిపినవాడు ఎలిహు రూట్. 1898లో ఉత్తరాలు చదివి గట్టెక్కించిన మనిషే. రూజ్వెల్ట్ దొంగతనమని కేకలు పెట్టాడు, నిజమే కూడా. కానీ రెండు సభల మధ్య మారింది యంత్రం కాదు, అది ఎవరి వైపు తిరిగిందన్నదే. 1915లో ఆల్బనీ బాస్ విలియం బార్న్స్ ఆయన మీద పరువునష్టం దావా వేసినప్పుడు, సిరక్యూజ్ కోర్టులో వకీలు పాత ప్లాట్ ఉత్తరాలు బయటకు తీసి ఒక్కొక్కటే అడిగాడు: ఈ బాస్‌తో మీరు సంప్రదింపులు జరిపారా లేదా? జరిపాడు. కేసు గెలిచాడు గానీ, ఆ ప్రశ్నలన్నీ సబబైనవే.

వీరుణ్ణి నమ్మేవాళ్లకు చివరగా నేను చూపించేది 1924. రూజ్వెల్ట్ పెద్ద కొడుకు, ఆయన పేరే పెట్టుకున్న థియోడర్ జూనియర్, మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడి పతకాలు తెచ్చుకున్నవాడు. తండ్రి మెట్లే ఎక్కాడు, శాసనసభ, నౌకాదళ శాఖలో సహాయ మంత్రి, ఆపై న్యూయార్క్ గవర్నర్ పదవికి రిపబ్లికన్ టికెట్. ఎదుట ఆల్ స్మిత్. యుద్ధం చేయలేదు, కాలేజీ మొహం చూడలేదు, చేపల మార్కెట్లో పనిచేసి టామనీ హాల్ మెట్ల మీద పెరిగాడు. అచ్చంగా బాస్ పెంచిన మనిషి. 1911లో ట్రయాంగిల్ కుట్టుపని ఫ్యాక్టరీ అగ్నిప్రమాదంలో 146 మంది చనిపోయాక, ఫ్యాక్టరీల విచారణ కమిషన్లో కూర్చుని, ఊరూరా తిరిగి చూసి, కార్మిక చట్టాలు పాసయ్యేలా చేసినవాడూ అతనే. ఆ చట్టాలకు టామనీ బాస్ చార్లెస్ మర్ఫీ అడ్డుపడలేదు, ఎందుకంటే ఆ ఫ్యాక్టరీల్లో మగ్గేవాళ్లు తన పార్టీ ఓటర్లు. అంటే అక్కడ కూడా సంస్కరణ వచ్చింది బాస్‌కు అవసరం పడ్డప్పుడే, ఆ అవసరాన్ని వాడుకోవడం తెలిసినవాడు సమయానికి అక్కడ ఉండబట్టే. ఆ ఎన్నికల రోజున న్యూయార్క్ ఓటర్లు అధ్యక్ష పదవికి రిపబ్లికన్ కూలిడ్జ్‌ను భారీ ఆధిక్యంతో గెలిపించి, అదే పార్టీ యుద్ధవీరుణ్ణి లక్షకు పైగా ఓట్లతో ఓడించి, స్మిత్‌ను మళ్లీ ఆల్బనీకి పంపారు.